చేపల కోసం కాచిన నీళ్లు

ఆ రోజు పొద్దున సెలూన్ షట్టర్ ఎత్తేసరికే చిటపటకు కోపంగా ఉంది. కారణమేమీ లేదు. ఆయనకు కోపం రావడానికి కారణం కావాలని ఆ వీధిలో ఎవరూ అనుకోరు. అందుకే అసలు పేరు మరిచిపోయి, వెనకాల అందరూ చిటపట అనే అంటారు. కానీ లైటు వేసి, అద్దాల మధ్యనున్న అక్వేరియం వైపు చూడగానే ఆ కోపం కాస్త దిగింది. ఏంజెల్ చేపలు రెండూ నిలువుగా ఆనించిన నల్లరాతి పలకను నోళ్లతో గీకి శుభ్రం చేస్తున్నాయి. అంటే ఈ పూటో రేపో గుడ్లు పెడతాయన్నమాట.

గుడ్లు పెట్టడం కొత్త కాదు. పెట్టిన ప్రతిసారీ అవి తెల్లగా పాలిపోయి, బూజు పట్టి రాలిపోయేవి. ఒక్క పిల్ల ఈదింది లేదు. "ఒక్కటంటే ఒక్క పిల్ల తోక ఆడిస్తే చాలు, ఈ జన్మకి ఇంకేమీ అడగను" అని భార్యతో అన్నాడోసారి. "మంచిది, ఆ మాట మీద ఉండండి" అందావిడ.

తప్పంతా నీళ్లదేనని ఆయన తేల్చుకున్నాడు. అక్కడి బోరు నీళ్లు ఎంత మొండివంటే కుళాయి మూతికి సున్నంలా పెచ్చు కడుతుంది. చేపల షాపతన్ని నిలదీస్తే పీట్ మాస్ పొట్లం చేతిలో పెట్టాడు. చిత్తడి నేలల్లో ఏళ్ల తరబడి మాగిన నాచు అది. నానబెడితే నీళ్లు మెత్తబడతాయి, కాస్త పులుపెక్కుతాయి, ఈ జాతి చేపలకు అలాంటి నీళ్లే పుట్టిల్లు అని చెప్పాడు. చిటపట దాన్ని భార్య గిన్నెలో ఉడికించి, తిట్లు తిని, పాత దిండు గలీబులో మూటగట్టి, వెనకగదిలో బక్కెట్లో వారంగా నానేశాడు. నీళ్లు చిక్కటి టీ రంగుకి తిరిగాయి. ఇవాళ అవి తొట్టెలో పోయడమే తరువాయి.

ఇంతలో ఫోను. కాలు విరిగి మంచాన పడ్డ డ్రిల్లు మాస్టారికి గడ్డం గీయాలట, వెంటనే రావాలట. చిటపట పళ్లు నూరుకుంటూ పెట్టె సర్దుకున్నాడు. రెండో కుర్చీ దగ్గర పనిచేసే బావమరిదితో, "ఆ బక్కెట్ జోలికెళ్లావంటే చేతులు విరిచేస్తా" అని మాత్రం చెప్పి వెళ్లాడు. చేపల కోసం అని ఇంకో రెండు ముక్కలు అని ఉంటే పోయేది. ఆయన తిట్లయితే ధారాళంగా ఇస్తాడు గానీ, సంగతులు మాత్రం పిసినారిలా దాచుకుంటాడు.

బావమరిది ఆలోచించాడు. ఆలోచించడం అతనికి అలవాటు లేని పని. వారం నుంచీ బావ ఏదో కాస్తున్నాడు, మూత పెడుతున్నాడు, వాసన చూస్తున్నాడు. ముట్టుకోవద్దంటున్నాడు. సెలూన్లో గోధుమరంగు కషాయం దాచిపెడితే అది తలకు కాక ఇంకెందుకు?

సరిగ్గా అప్పుడే బిల్డింగ్ ఓనరు దిగాడు. "సాయంత్రం ఫొటో దిగాలయ్యా. రంగేస్తే దురద, వేయకపోతే మా ఆవిడకి నామోషీ. ఏదైనా దారి చూడు."

"దురద లేనిది ఒకటుంది ఓనరుగారూ. మా బావ సొంతంగా కాచాడు. నేనిచ్చానని మాత్రం చెప్పకండి."

చిటపట తిరిగొచ్చేసరికి ఓనరు అద్దంలో తనను తాను చూసుకుని మురిసిపోతున్నాడు. తెల్లజుట్టు లేత గోధుమరంగులోకి తిరిగి, పట్టుకుచ్చులా జారుతోంది. బక్కెట్ సగానికి దిగిపోయింది.

"ఏరా! ముట్టుకోవద్దన్నానా?"

"నేను ముట్టుకోలేదు బావా, మగ్గుతో తీశాను."

చిటపట చెయ్యి పైకి లేచింది. ఓనరు మధ్యలో అడ్డుపడ్డాడు. "కుర్రాణ్ణేమీ అనకయ్యా! ఇంత విద్య చేతిలో పెట్టుకుని ఇన్నాళ్లూ మాకు చెప్పలేదంటే తప్పు నీది."

ఓనరు మీద అరవడానికి లేదు. అరవలేని కోపం మెడ నరాల్లోకి ఎక్కింది. మిగిలిన సగం చేపలకు చాలకపోదని సర్దిచెప్పుకుని బక్కెట్ ఎత్తాడు. ఈలోపు ఓనరు గుమ్మం దాటి, ఆ జుట్టును పక్కనున్న టైలరుకీ, మందుల షాపాయనకీ చూపించి రానే వచ్చాడు. వాళ్లూ వెనకే వచ్చారు. వాళ్ల వెనకాల ఇంకెవరెవరో.

"ఒక్క మగ్గు చాలు బాబూ, ముందువైపుకే" అన్నాడు టైలరు.

"ఇది తలకి కాదు!"

"మరి ఓనరుగారి తలకెలా పనికొచ్చింది? మావి తలలు కావా?"

బక్కెట్ ఒకవైపు చిటపట లాగాడు, ఒకవైపు టైలరు లాగాడు. నీళ్లలో కొంత నేల తాగింది, మిగిలింది మందుల షాపాయన వంగి తలకు పట్టించుకున్నాడు. అడుగున తడిసిన మూట ఒక్కటీ మిగిలితే, టైలరు దాన్నే తల మీద పిండుకున్నాడు.

"అది కుళ్లిన నాచురా నాయనా! చేపలకి! చేపల గుడ్లు బతకాలని నానేశాను!" చిటపట గొంతు బొంగురుపోయింది. జీవితంలో అంత పెద్ద సంగతి ఆయన ఎవరికీ వివరించి ఎరగడు. తీరా వివరిస్తే ఒక్కడూ నమ్మలేదు.

"చెప్పడం ఇష్టం లేకపోతే లేదను. నాచంట, గుడ్లంట! మరీ ఇంత స్వార్థమా?" అన్నాడు మందుల షాపాయన, చెవుల వెంట గోధుమరంగు కారుతుండగా.

చిటపట ఇంకేదో అనబోయి వెనక్కి తిరిగి కొయ్యబారిపోయాడు. రంగు ఇంకాస్త ఎక్కాలని ఓనరు మగ్గు పుచ్చుకుని అక్వేరియం నీళ్లే తోడి నెత్తిన పోసుకుంటున్నాడు. "ఇవీ కాస్త పసుపుగానే ఉన్నాయి, కలిపినట్టున్నావ్" అన్నాడు పైగా. తొట్టె సగం ఖాళీ. పలక పైఅంచు నీళ్లపైకి తేలింది. చేపలు రెండూ మొప్పలు ఎగరేస్తూ అడుగుకి దిగాయి.

చిటపట ఓనరు చేతిలో మగ్గు లాక్కున్నాడు. ఇక ఓనరని చూడలేదు, ముఖం మీదే అరిచాడు. టైలర్ని అన్నాడు, మందుల షాపాయన్ని అన్నాడు, మంచాన పడ్డ డ్రిల్లు మాస్టారి విరిగిన కాలునీ వదల్లేదు. అరుస్తూనే మొండి బోరు నీళ్లను, తాను ఇన్నాళ్లూ శత్రువులా చూసిన నీళ్లను, తొట్టె నిండా పోశాడు. పోస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిమీదా కోపమొచ్చింది.

బావమరిది మాత్రం మూల నిలబడి, జరిగిన నష్టం పూడ్చాలని చేపల షాపుకి ఫోన్ చేసేశాడు. షాపతను మాస్ పొట్లం చంకలో పెట్టుకుని వచ్చేశాడు. గుంపును చూశాడు, ఓనరు జుట్టు చూశాడు. పొట్లం బల్ల మీద పడేసి ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. "ఇదేదో బాగుందే! నాకూ పట్టించు బాసూ, ముందు నాకు."

"ఏమయ్యా," ఓనరు తొట్టె దగ్గరినుంచి పిలిచాడు. "గుడ్లు పెడుతోంది చూడు. అదిగో, ఇప్పుడు రెండోది కూడా పెడుతోంది. రెండూ పెడతాయా?"

చిటపట ఒక్క అంగలో తొట్టె దగ్గరికి వెళ్లాడు. నిజమే. కొత్తనీళ్ల చలువకు హుషారొచ్చినట్టుంది. ఒక చేప పలక మీద గుడ్ల వరస పేర్చి పక్కకు తప్పుకుంటే, రెండోది వచ్చి దాని పక్కనే ఇంకో వరస పేరుస్తోంది.

షాపతను కుర్చీలోంచే మెడ చాచి చూసి పకపకా నవ్వాడు. "రెండూ ఆడవే బాసూ! అందుకే గుడ్లు తెల్లబడిపోతున్నాయ్. నీళ్లేం చేస్తాయ్ పాపం?"

"జంట అని ఇచ్చావు కదా."

"చిన్నప్పుడెవడికి తెలుస్తుంది? అందాజుగా ఇస్తాం."

"మరి మాస్ ఎందుకిచ్చావు?"

"నువ్వడిగావు కదా!"

అందరూ అరుపు కోసం కాచుకున్నారు. చిటపట అరవలేదు. షాపతని మెడచుట్టూ తెల్లగుడ్డ కప్పి వెనక ముడి బిగించాడు. కాస్త గట్టిగానే. జుట్టు కత్తిరించే మిషన్ ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు.

"కాస్త చూసి చెయ్యి బాసూ" అన్నాడు షాపతను.

"అందాజుగా చేస్తాం" అన్నాడు చిటపట.

ఎండలు పోయి వానలు పట్టినా, చేపల షాపతను టోపీ తీయలేదు.