జర్మనీ అల్లుడిగారికి ఎన్వోసీ

హలో, వినబడుతోందా అందరికీ? కెమెరా ఆన్ చేయక్కర్లేదు. నేనూ చేయలేదు, లుంగీలో ఉన్నాను. ఒక ఐదు నిమిషాలు వినండి చాలు.

ఈ భూమండలం మీద ఫుట్‌బాల్ ఆటగాడి యోగ్యతను తేల్చే అధికారం రెండు సంస్థలకే ఉంది. ఒకటి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య. రెండోది సింగపూర్‌లోని టోవా పాయో తెలుగు వెటరన్స్ ఫుట్‌బాల్ సంఘం వారి ఎంపిక ఉపసంఘం. మొదటిదానికి ప్రపంచ కప్పుల పనులుంటాయి కాబట్టి అప్పుడప్పుడు పొరపాట్లు దొర్లుతాయి. రెండోదానికి వేరే పనేమీ లేదు.

ఈ ఉపసంఘానికి సెక్రటరీ, సభ్యుడు, కోరం, అన్నీ కృష్ణప్రసాదే. వయసు యాభై మూడు. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో ఐటీ ఉద్యోగం (తనకు వచ్చిన మెయిల్‌ను ఇంకొకరికి పంపించడం). ఆ అనుభవంతోనే సంఘం జట్టులో పదకొండేళ్ళుగా ఎనిమిదో నంబరు చొక్కా వేసుకుని మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతున్నాడు. గోల్స్ లేవు. (ఒకటుంది గానీ, అది సొంత గోల్‌లో పడినందున రికార్డుల నుంచి తొలగించారు. తొలగించిందీ ఆయనే.)

క్రాంజీ డార్మిటరీలో ఉండే షిప్‌యార్డు పనివాళ్ళ జట్టుతో ఈ సంఘానికి ఏడాదికి రెండు మ్యాచ్‌లు. ఆ రెండు ఆదివారాలూ కృష్ణప్రసాద్ మైదానం నడిమధ్య నిలబడి చేతులూపుతాడు, ఆయన చేతులూపిన వైపు నలుగురైనా పరిగెడతారు. ఆఫీసులో అలాంటి చోటు ఆయనకు ఏనాడూ దొరకలేదు. ఆ చోటు కూడా పోతే ఆయన ఉత్త వాట్సాప్ అడ్మిన్.

మార్చిలో సరిగ్గా ఆ చోటుకే దరఖాస్తు వచ్చింది.

పేరు హెన్నింగ్ ఆల్‌బ్రూక్. వయసు ముప్పై ఆరు. జర్మనీ రెండో డివిజన్‌లో నాలుగు క్లబ్బులు, మూడో డివిజన్‌లో రెండు. పదిహేనేళ్ళలో రెండు వందల నలభై ఒక్క మ్యాచ్‌లు, మోకాలికి రెండు ఆపరేషన్లు, తొమ్మిది గోల్స్ (అన్నీ ఎదుటివాళ్ళ వైపే). ఆట మానేశాక, సంఘం అధ్యక్షులు దశరథరామయ్యగారి అమ్మాయి రుచితను పెళ్ళి చేసుకుని సింగపూర్‌లో స్థిరపడ్డాడు.

కృష్ణప్రసాద్ ఆ దరఖాస్తును ఎలాంటి పక్షపాతం లేకుండా, లోపాలు దొరికేదాకా చదివాడు. 'స్వగ్రామం, మండలం' అన్నచోట ఖాళీగా ఉంది. తిప్పి పంపాడు. మామగారి ఊరు రాసి, వెంటనే మళ్ళీ పంపాడు జర్మనీవాడు. పాత క్లబ్బుల నుంచి నిరభ్యంతర పత్రం, అనగా ఎన్వోసీ, జతపరచలేదు. (ఈ నిబంధన ఆ మధ్యాహ్నమే పుట్టింది.) ఆరు క్లబ్బుల కాగితాలు రావడానికి ఆరు నెలలైనా పడుతుందని, ఈలోగా మ్యాచ్ అయిపోతుందని కృష్ణప్రసాద్ అంచనా. మర్నాటికల్లా ఆరూ వచ్చాయి, సీళ్ళతో సహా. (దేశాలు ఇలాగే అభివృద్ధి చెందుతాయి కాబోలు.)

"డాడీ, హీ ఈజ్ ఎ ప్రో లా. జస్ట్ లెట్ హిమ్ ప్లే" అంది సింగపూర్ ఇంగ్లీషులో కూతురు కీర్తిక.

"ప్రో అయితే ఏంటమ్మా? మాకు సీనియారిటీ అని ఒకటుంటది."

"సీనియారిటీ మీన్స్ వాట్?"

"ఎన్నేళ్ళ నుంచి గ్రౌండుకి వస్తన్నావని."

"వచ్చి ఏం చేస్తన్నారో కూడా రాస్తారా ఆ ఫారంలో?" అని వంటింట్లోంచి అడిగింది భార్య శ్యామలాదేవి. ఆవిడ సభ్యురాలు కానందున ప్రశ్న పరిశీలనకు రాలేదు.

సీనియారిటీ ప్రకారం హెన్నింగ్‌కు బెంచీ కేటాయించారు. ప్రాక్టీసు ఏడింటికని చెబితే అతను ఏడింటికే వచ్చేవాడు. మిగతా సంఘం ఎనిమిదింటికి వచ్చేసరికి బంతులన్నిటికీ గాలి కొట్టి, బెంచీ మీద కుదురుగా కూర్చుని ఉండేవాడు. ఆ చోటు ఇంకెవరూ తీసుకోకుండా, హాకర్ సెంటర్‌లో భోజనాల టేబుల్‌కి చేసినట్టు, టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ (అంటే రిజర్వు) చేసే బాధ్యత కృష్ణప్రసాద్ స్వయంగా స్వీకరించాడు.

మూడో వారం దశరథరామయ్యగారు ఫోన్ చేశారు.

"ఏవయ్యా ప్రసాదూ, మా అల్లుణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టావంటగా?"

"రూలండీ."

"అల్లుడయ్యా. చెక్కబల్ల మీద కూర్చోబెడతారా ఎవరన్నా?"

రూలు చెడకుండా సమస్య తీర్చడం కృష్ణప్రసాద్‌కు తెలుసు. బెంచీ తీయించి మెత్తటి కుర్చీ వేయించాడు. అప్పుడు దశరథరామయ్యగారి భార్య సరోజినిగారు ఫోన్ చేశారు. ఆవిడ రూలు ప్రస్తావన తేలేదు. "అన్నయ్యగారూ, వచ్చే ఆదివారం నుంచి మా అల్లుడు ఆడతాడు" అని పెట్టేశారు.

అలా ఎనిమిదో నంబరు చొక్కా చేతులు మారింది. కృష్ణప్రసాద్ ముందు ఎడమ పక్కకు, తర్వాత వెనక్కి, చివరికి గీత దాటి నీళ్ళ సీసాల దగ్గరికి జరిగాడు. జరుగుతూ జరుగుతూ ఒక సర్క్యులర్ జారీ చేశాడు. బంతిని ముందు అల్లుడిగారికి చూపించి, ఆయన వద్దంటేనే మిగతావారు తీసుకోవాలి. ఆయన పాస్ తప్పితే గడ్డిని తప్పు పట్టాలి. ఆయనకు కాలు తగలరాదు, తగిలితే అక్కడికక్కడే కళ్ళకద్దుకోవాలి.

మూడో నిబంధన వల్ల ఆట నిమిషానికోసారి ఆగేది. హెన్నింగ్ బంతితో వస్తుంటే అందరూ పెళ్ళివారికి దారి ఇచ్చినట్టు పక్కకు తప్పుకునేవారు.

"అంకుల్, ఇక్కడ నన్ను ఎవరూ ఆపరు. ఎందుకు?" అని అడిగాడు ఒకరోజు, రుచిత నేర్పిన తెలుగులో.

"మీరు అల్లుడుగారు కదండీ."

"పదిహేనేళ్ళు అందరూ నన్ను తన్నారు" అన్నాడు హెన్నింగ్, బంతి వైపు చూస్తూ. "బాగుండేది."

మ్యాచ్ రోజు వచ్చింది. మూడో నిమిషంలో క్రాంజీ కెప్టెన్ సింహాచలం జారుకుంటూ వచ్చి బంతినీ, హెన్నింగ్‌నీ కలిపి గీత అవతల పడేశాడు. టోవా పాయో మొత్తం లేచి నిలబడింది.

"ఏయ్, ఆయన మా అల్లుడు" అన్నారు దశరథరామయ్యగారు.

"మీకల్లుడండి. మాకేటి, ఎనిమిదో నంబరు" అన్నాడు సింహాచలం.

గడ్డిలోంచి లేచిన హెన్నింగ్ నవ్వుతున్నాడు. ఈ దేశంలో అతను నవ్వగా సంఘం చూడటం అదే మొదలు. ఆ తర్వాత అతను ఆడిన ఆటను అందుకునే తెలివి మనవాళ్ళకు లేదు. అతను పంపిన బంతులన్నీ సరైన చోటికే వెళ్ళాయి, అక్కడ మనవాళ్ళెవరూ లేరు. చివరికి అతనే రెండు గోల్స్ కొడితే, రెండు రెండుతో మ్యాచ్ సమమైంది.

మర్నాడు అతను క్రాంజీ జట్టుకు మారతానని దరఖాస్తు పెట్టాడు. (అక్కడ సీనియారిటీ లేదు. ఆదివారం సెలవు దొరికినవాడు ఆడతాడు.) నిబంధన ప్రకారం ఎన్వోసీ మీద సంతకం చేయాల్సింది కృష్ణప్రసాద్. ఆయన లిఫ్టులో, నాలుగో అంతస్తుకీ తొమ్మిదో అంతస్తుకీ మధ్య, గోడకు ఆనించి చేసేశాడు. ఉపసంఘం చరిత్రలో ఇంత వేగంగా ఏ కాగితమూ కదలలేదు. దశరథరామయ్యగారికి మాత్రం, అల్లుడిగారి ప్రతిభకు అడ్డు రాకూడదనే విశాల దృక్పథంతో ఒప్పుకున్నామని ఉత్తరం రాశాడు.

సెప్టెంబరులో రెండో మ్యాచ్. ఎనిమిదో నంబరు చొక్కా తిరిగి కృష్ణప్రసాద్ ఒంటి మీదికొచ్చింది. మైదానం నడిమధ్య నిలబడి అరవై నిమిషాలు చేతులూపాడు. శ్యామలాదేవి ఫోటోలు తీసింది. తొమ్మిది సున్నాతో ఓడిపోయారు. అయినా ఆయన ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

ఆట అయ్యాక హెన్నింగ్ వరసగా అందరికీ చేయి కలుపుతూ వచ్చాడు. కృష్ణప్రసాద్ దగ్గర ఆగి, చాలా గౌరవంగా, తెలుసుకోవాలనే అడిగాడు.

"అంకుల్, మీరు ఏ పొజిషన్‌లో ఆడతారండీ?"

అరవై నిమిషాలూ అతని ఎదురుగానే నిలబడిన కృష్ణప్రసాద్ చొక్కా సర్దుకున్నాడు.

"సెక్రటరీ అండీ" అన్నాడు.

అంతే కథ. ఈ రికార్డింగు మీకు తెలిసిన సంఘాల పెద్దమనుషులందరికీ పంపించండి. ఇదెవరో వేరేవాళ్ళ గురించి అనుకుని నవ్వుకుని, వాళ్ళే ఇంకో నలుగురికి పంపుతారు. నేనూ మొదట నవ్వాను.