కోయిల బ్యాండుకి రోజంతా కచేరీ

అనగనగా అనేంత పాత సంగతేం కాదు. ఒక పెద్ద అడవి, అందులో ఒకటే రాక్ బ్యాండు. పాడేది కోయిల, డ్రమ్ములు వాయించేది వడ్రంగిపిట్ట. కోయిల తల్లి కాలం నుంచీ ఏటి పక్క బండ మీద ఒకటే పద్ధతి. నాలుగు పాటలు పాడడం, ఇంటికెళ్లడం. విన్నవాళ్లు ఆ నాలుగూ పాడుకుంటూ గూళ్లకి పోయేవారు.

ఇంతలో పక్క అడవిలో నెమలి పొద్దున ఎక్కి సాయంత్రం దాకా స్టేజీ దిగలేదట. ఆ కబురు వినగానే మన అడవివాళ్లకి తల తీసేసినట్టయింది. నిన్నటిదాకా వన్స్‌మోర్ అన్న నోళ్లే, ముష్టి నాలుగు పాటలకి ఇంత దూరం రావాలా అని మొదలెట్టాయి. నెమలి ఎలా పాడిందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అడవి సంఘానికి కార్యదర్శి నక్క. తనకి భజన చేసే గాడిదని ఆ బండెక్కించాలని దానికి ఎప్పట్నుంచో ఉంది. ఇదే అదననుకుని తీర్మానం చేయించింది. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా కార్యక్రమం నడిపినవాళ్లకే ఇక మీదట బండ.

కోయిల బెంబేలెత్తిపోయింది.

"అంతసేపు పాడితే గొంతు పోతుందన్నా. గొంతు లేకపోతే నాకూ కాకికీ తేడా ఏముంది?" అని వడ్రంగిపిట్ట దగ్గర ఏడ్చింది.

"కార్యక్రమం నడపమన్నారు గానీ రోజంతా పాడమన్నారా చెల్లీ? నువ్వు గొంతు దాచుకో. తక్కింది పెద్దలు చూసుకుంటారు" అంది వడ్రంగిపిట్ట.

మొదటి వంతు గాడిదది. పాపం, అమాయకపు జీవి, నిజంగానే పాడింది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయి, ఓండ్ర కూడా రాక దిగిపోయింది.

మర్నాడు కోయిల బ్యాండు. వడ్రంగిపిట్ట కాసేపు డ్రమ్ములు దంచి, సింహాన్ని పైకి పిలిచి సన్మానం చేసింది. అరిటాకే శాలువా. సింహానికి చేశాక ఏనుగుకి చెయ్యకపోతే ఊరుకుంటుందా? ఏనుగుకి చేస్తే ఎలుగుబంటి మొహం మాడ్చుకోదూ? కప్పించుకున్న ప్రతివాళ్లూ రెండే రెండు ముక్కలంటూ మైకు పట్టుకున్నారు.

ఆఖర్న నక్కని పిలిచారు. వద్దు వద్దంటూనే ఎక్కింది. కళకి తాను చేసిన సేవ గురించి అందుకున్నాక ఇక దానికి ఒళ్లు తెలియలేదు. దిగిపొమ్మని గాడిద కింద నుంచి సైగలు చేస్తుంటే, అభిమానం కాబోలనుకుని ఇంకాస్త సాగదీసింది.

ఎండ కొండ వెనక్కి జారుతుంటే కోయిల ఒక్క పల్లవి పాడింది. అంతలో పొద్దుగూకింది. బండ దక్కింది, గొంతూ మిగిలింది. కోయిలకి మాత్రం పాడినట్టే లేదు, బాధేసింది. ఇంత గొప్ప కచేరీ పుట్టి బుద్ధెరిగి చూడలేదని అడవంతా మురిసిపోయింది.

మర్నాడు సంఘం కూడి ఇంకో తీర్మానం చేసింది. కార్యక్రమం దివ్యంగా ఉంది, పెద్దలకే టైము చాల్లేదు, కాబట్టి వచ్చేసారి ఆ పల్లవి తీసెయ్యాలి.

నీతి: గొంతు కాపాడుకోవాలంటే పాడకు, కచేరీ పెట్టు.