షహర్ ఆట మీద జనాభిప్రాయం

బొంబాయి నగరాన్ని కట్టింది తెలుగువాళ్ళేనన్న విషయంలో కామాఠీపురా తెలుగువాళ్ళకు రెండో అభిప్రాయం లేదు. (మొదటి అభిప్రాయం కూడా వాళ్ళదే.) తాతలు రాళ్ళు మోశారు, తండ్రులు సున్నం కలిపారు, కాబట్టి నగర నిర్మాణమనే విద్య తమకు పుట్టుకతోనే అబ్బిందని గల్లీలో ప్రతి మనిషీ నమ్ముతాడు. అందుకే 1988లో, గణపతి నిమజ్జనం అయిన కొన్నాళ్ళకు, నగరాన్ని కట్టే ఆటొకటి ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే వాళ్ళ చాళ్‌లోకి వచ్చినప్పుడు, అది ఆదివారం భోజనాల వేళకు పూర్తయిపోతుందనే అందరూ అనుకున్నారు.

ఆటను తెచ్చినవాడు శంకర్రావు. అతను ఫోర్టులో ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తా, చాళ్ తెలుగు మండల్ అనే సంఘానికి సెక్రటరీ. ప్రపంచంలో జరిగే ప్రతి పనికీ ఒక పద్ధతి ఉంటుందనీ, పద్ధతి లేకుండా జరిగింది నిజానికి జరగలేదనీ అతని సిద్ధాంతం. నాగ్‌పాడాలో పాత రేడియోలు అమ్మే దుకాణంలో ఒక కంప్యూటరూ, దాంతోపాటు ఒక క్యాసెట్టూ కనిపిస్తే, పండుగ చందాల్లో మిగిలినదానితో కొని తెచ్చి మండల్ గదిలోని బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు.

క్యాసెట్టు మీద ఇంగ్లీషు పేరేదో ఉండేది. చాళ్ దాన్ని షహర్ ఆట అంది. నలుగురు ఒకే కీబోర్డు ముందు భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. ఒకరికి ఇళ్ళు, ఒకరికి రోడ్లు, ఒకరికి నీళ్ళు, ఒకరికి ఖజానా. నగరం మాత్రం నలుగురిదీ ఒకటే. ఇల్లు, నల్లా, తవ్వకం లాంటి చిల్లర పనులు ఏ శాఖకు ఆ శాఖే చేసుకోవచ్చు, పెద్ద పనికి మాత్రం మిగతా మూడు శాఖలూ ఒప్పుకుంటున్నట్టు మీట నొక్కాలి. నగరం బాగుంటే తెర అడుగున చిన్న చిన్న మొహాలు నవ్వుతాయి. బాగా లేకపోతే మూతులు ముడుస్తాయి. అందరూ మూతులు ముడిస్తే ఊరు ఖాళీ అయిపోయి ఆట మొదటికొస్తుంది.

క్యాసెట్టులోంచి ఆట కంప్యూటర్లోకి ఎక్కుతున్నంతసేపు పెద్ద కీచు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు ఆగేదాకా గదిలో ఎవరూ కదలకూడదని, తుమ్మకూడదని శంకర్రావు నియమం పెట్టాడు. (తుమ్మితే ఏమవుతుందో అతనికీ తెలియదు. నియమం పెట్టినప్పటినుంచి ఏమీ కాలేదు కాబట్టి నియమం పనిచేస్తున్నట్టే లెక్క.)

మొదటి ఆదివారం మేస్త్రీ బుచ్చన్న ఇళ్ళు తీసుకున్నాడు. శంకర్రావు రోడ్లు తీసుకున్నాడు. అతని భార్య రత్నాబాయికి ఇంట్లో ఉన్న శాఖే ఇక్కడా వచ్చింది, ఖజానా. నీళ్ళు పెంటమ్మకు ఇచ్చారు. చాళ్ మొత్తానికి ఉన్న ఒక్క నల్లా దగ్గర రోజూ తెల్లారకముందే మొదటి బిందె ఆ ముసలమ్మదే కాబట్టి ఎవరూ పోటీకి రాలేదు.

"ఇండ్లు నేను లేపుకుంట పోతున్న. రోడ్డేది శంకరన్నా?" అన్నాడు బుచ్చన్న. "జనం ఎగురుకుంట ఇంటికి పోవాల్నా?"

"ఖజానా ఒప్పుకుంటెనే గద రోడ్డు," అన్నాడు శంకర్రావు భార్య వైపు చూడకుండా.

రత్నాబాయి మీట మీదినుంచి వేలు తీసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "ఉన్నయని కర్సు పెడ్తరా ఎవరన్న?"

మధ్యాహ్నానికల్లా ఖజానా నిండింది, ఊరు ఖాళీ అయింది. రెండోసారి కట్టారు. అదీ పోయింది. భోజనాలు చల్లారిపోయాయి. పెంటమ్మ మాత్రం కనబడ్డ చోటల్లా నల్లాలు వేసుకుంటూ పోయింది. మనుషులు లేని వీధుల్లో కూడా నీళ్ళు పారాయి.

క్యాసెట్టు డబ్బాలో ఒక చీటీ ఉంది. ఆడినవారు దయచేసి తమ అభిప్రాయాలు రాసి పంపాలని కంపెనీవాళ్ళు అందులో కోరారు. శంకర్రావు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఇన్నేళ్ళుగా అతను రకరకాల ఆఫీసులకు అభిప్రాయాలు రాసి పంపుతూనే ఉన్నాడు. ఎవరైనా అడగడం ఇదే మొదలు. ఆ సాయంత్రమే 'ఆటగాళ్ళ అభిప్రాయ సేకరణ ఉపసంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు శంకర్రావు, సభ్యుడు శంకర్రావు. ఆడినవాళ్ళెవరూ అభిప్రాయం ఇవ్వకుండా గడప దాటరాదని తీర్మానం జరిగింది. అభిప్రాయాలను అతనే ఇంగ్లీషులోకి మార్చి, కార్బన్ కాగితాలు పెట్టి మూడు కాపీలు రాసేవాడు. ఒకటి కంపెనీకి, ఒకటి మండల్ బీరువాకు. మూడోది ఎందుకో చెప్పలేడు గానీ, మూడో కాపీ లేని కాగితాన్ని అతను కాగితంగా గుర్తించడు.

"ఈ ఆటల నల్లకు పగలు లేదు రాత్రి లేదు, నీళ్ళు వస్తనే ఉంటయ్," అంది పెంటమ్మ. "లైన్ లేదు, లొల్లి లేదు. గిట్ల యాడన్న ఉంటదా బిడ్డా? గిది అబద్ధపు ఆట."

శంకర్రావు ఇలా రాశాడు: 'నీటి సరఫరా ఇరవై నాలుగు గంటలూ ఉంది. వరుసలో నిలబడే అవసరం లేదు. వృద్ధులు ఆశ్చర్యపోతున్నారు.'

"నీళ్ళు ఫుల్లున్నయ్. తాగనీకె మనిషే లేడు," అన్నాడు బుచ్చన్న.

దాని ఇంగ్లీషు: 'నీరు జనాభా అవసరానికి మించి ఉంది.'

ఇక్కడ నిజం నల్లా సంగతి కొంత చెప్పాలి. అది పొద్దున ఒక గంట వచ్చేది. ఆ గంటలోనే చాళ్ మొత్తం పట్టుకోవాలి. రెండో నల్లా కోసం మండల్ పెట్టిన అర్జీ నీళ్ళ ఆఫీసులో ఏళ్ళ తరబడి ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్ల మీదికి నడుస్తోంది. శంకర్రావు దాని వెంట తిరగని శనివారం లేదు. నల్లా వస్తే గల్లీలో తన పేరు చెప్పుకుంటారని అతనికి లోపల ఒక ఆశ. ఆ మాట రత్నాబాయితో కూడా అనలేదు. రత్నాబాయికి తెలుసు.

ఒక శనివారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ పాటణ్కర్ సాబ్ స్వయంగా వచ్చాడు. నల్లా అవసరమా కాదా అని చూసి రాసుకోవాలి. శంకర్రావు, బుచ్చన్న కలిసి ఆయనకు నల్లా చూపించారు, దాని కింద వరుసగా పెట్టి ఉన్న ఖాళీ బిందెలు చూపించారు. ఆయన తల ఊపుతుండగా మండల్ గదిలోంచి కీచు చప్పుడు వచ్చింది.

"అదేంటి?" అని మరాఠీలో అడిగాడు.

ఆ రోజు పెంటమ్మ బజారుకు వెళ్ళింది. నీళ్ళ శాఖ ఖాళీగా ఉంది. ఒక్కసారి చూస్తానని కూర్చున్న సాబ్ దీపాలు పెట్టే వేళకు గానీ లేవలేదు.

అంతటి పనిమంతుణ్ణి చాళ్ అంతకుముందు చూడలేదు. ఆయన చెరువు తవ్వించాడు, గొట్టాలు వేయించాడు, కొండ మీది ఇంటికి కూడా నీళ్ళెక్కించాడు. తెర అడుగున మొహాలన్నీ నవ్వాయి. రత్నాబాయి సైతం మొహమాటపడి మూడు నాలుగు సార్లు మీట నొక్కింది.

"ఇంత జల్దీ ఎట్ల చేసిండ్రు సాబ్?" అన్నాడు శంకర్రావు చేతులు కట్టుకుని.

"ఇక్కడ అర్జీలు పెట్టేవాళ్ళు లేరు కదా," అన్నాడు పాటణ్కర్ సాబ్. "పని చేసుకోనిస్తారు."

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, నీళ్ళ గురించి జనం అభిప్రాయం రాతమూలకంగా ఏమైనా ఉందా, ఫైలుకు జతచేయాలి అన్నాడు.  శంకర్రావు మూడో కాపీని లోకంలో ఒక మనిషి నోరు తెరిచి అడిగాడు. పరుగున వెళ్ళి 'నీళ్ళ శాఖ: ప్రజాభిప్రాయం' అని పైన రాసి ఉన్న కట్టను తెచ్చి రెండు చేతులతో అందించాడు. ఆ ఆనందంలో అందులో ఏముందో అతనికి గుర్తు రాలేదు. సాబ్ కూడా చదవలేదు. (చదివి జతచేయాలని ఎక్కడా లేదు.)

జవాబు మాత్రం తొందరగానే వచ్చింది. శంకర్రావు దాన్ని మెట్ల దగ్గర అందరికీ చదివి వినిపించడం మొదలుపెట్టి, మూడో వాక్యం దగ్గర గొంతు తగ్గించాడు. చాళ్‌కు ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు వస్తున్నట్టు నివాసులే రాసిచ్చినందున రెండో నల్లా అర్జీ కొట్టివేయడమైనది. పైగా నీరు జనాభా అవసరానికి మించి ఉన్నందున, ఇప్పుడిస్తున్న గంటలో అరగంట కోత పెట్టడమైనది. వృద్ధుల ఆశ్చర్యాన్ని ఆఫీసు సంతోషంతో గమనించింది.



"నేను అబద్ధపు ఆట అంటి గద బిడ్డా," అంది పెంటమ్మ. "అబద్ధం అన్న మాట యాడ పాయె?"

"ఇంగ్లీషుల బాగుండదని..." అన్నాడు శంకర్రావు.

రత్నాబాయి మర్నాడు తెల్లవారకముందే భర్తను లేపి, రెండు బకెట్లు చేతికిచ్చి, తలుపు వేసుకుంది. శంకర్రావు చాళ్ ఆడవాళ్ళందరి మధ్యా నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి నల్లా గాలి ఊదింది. గుమాస్తా ఆ రోజు స్నానం లేకుండా ఫోర్టుకు పోయాడు. దారి పొడుగునా తను రాసిన ఇంగ్లీషు వాక్యాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చి, ప్రతి వాక్యం దగ్గరా మెడ వెనక చురుక్కుమంది.

నీళ్ళ ఆఫీసులో కనుక్కుంటే, ఇచ్చిన అభిప్రాయాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి లేదన్నారు. పరిస్థితి మారితే కొత్త అభిప్రాయం ఇవ్వవచ్చు. అంటే పరిస్థితి మారాలి. చాళ్‌లో పరిస్థితి మారిందని రాయడానికి లేదు, ఎందుకంటే చాళ్ గురించి ముందు ఎవరూ ఏమీ రాయలేదు. అభిప్రాయాలన్నీ తెర మీది నగరం గురించే, కాబట్టి మారవలసింది అదే. పద్ధతి ప్రకారం ఆలోచించి శంకర్రావే ఆ మాట తేల్చాడు. పద్ధతి మీద అతనికి కోపం రాలేదు. దానిలోంచి ఇంత మంచి దారి దొరికినందుకు కాస్త గర్వపడ్డాడు కూడా.

కష్టమల్లా ఒకటే. పాటణ్కర్ సాబ్ ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. నీళ్ళ శాఖ కుర్చీ ఆయనది. ఆయన ఉన్నంతవరకు ఆ నగరంలో ఎవరికీ దాహమన్నది తెలియదు.

"రోడ్లు నాకియ్యి శంకరన్నా," అన్నాడు బుచ్చన్న. "తవ్వుడు నాకు ఇడిసిపెట్టు. బొంబయిల గదే పని చేస్తున్న."

ఆ ఆదివారం బుచ్చన్న రోడ్లు తవ్వాడు. తవ్విన రోడ్డు కింద గొట్టం పగులుతుందని అప్పుడే అందరికీ తెలిసింది. (ఆ ఆటను తయారుచేసిన మనిషి ఎప్పుడో ఒకసారి బొంబాయి వచ్చి ఉంటాడు.) ఇళ్ళ శాఖ తీసుకున్న శంకర్రావు గొట్టాలు లేని చోట ఇళ్ళు కట్టాడు. రత్నాబాయి కొత్తగా చేయవలసింది ఏమీ లేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొదట ఒక మూల మొహాలు మూతులు ముడిచాయి. తర్వాత వరుసలన్నీ ముడిచాయి. సాబ్ నుదురు తుడుచుకున్నాడు.

"గొట్టం బాగుచేయాలి. ఒప్పుకోండి బాయీ."

"అర్జీ పెట్టుకోండ్రి సాబ్. చూస్తం," అంది రత్నాబాయి.

"ఖజానాలో ఉన్నాయి కదా, తెర మీద కనబడుతున్నాయి."

"అవి ఏరే పద్దు కింద ఉన్నయ్ సాబ్."

"బాయీ, జనం ఏడుస్తున్నారు."

"ఎప్పటిసంది ఏడుస్తున్నరు సాబ్," అంది వెనకనుంచి పెంటమ్మ నెమ్మదిగా. "గిప్పుడు మీకు కానొచ్చింది."

గదిలో నవ్వినవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సాబ్‌కు అవేవీ వినబడలేదు. ఆయన కళ్ళు తెర మీదే ఉన్నాయి. నగరం ఖాళీ అయిపోయేసరికి ఆయన కళ్ళజోడు తీసి కాసేపు అలాగే కూర్చున్నాడు. అంత పెద్దమనిషి అలా కూర్చోవడం చూసి శంకర్రావుకు జాలేసింది. కానీ తీర్మానం తీర్మానమే. ఆడినవాళ్ళు అభిప్రాయం ఇవ్వకుండా గడప దాటరాదు. కార్బన్ కాగితాలు సర్ది ముందు పెట్టాడు.

పాటణ్కర్ సాబ్ తానే కలం అందుకున్నాడు. బాధలో ఉన్న మనిషి క్లుప్తంగా రాస్తాడు. 'నీళ్ళు లేవు. జనం పడుతున్న కష్టాన్ని కళ్ళారా చూశాను. ఆలస్యం చేయకుండా వెంటనే కొత్త నల్లా వేయాలి.' కింద సంతకం చేశాడు. సంతకం కింద హోదా రాశాడు. ఆ తర్వాత అలవాటు కొద్దీ సంచిలోంచి ముద్ర తీసి మూడు కాపీల మీదా కొట్టాడు.

సోమవారం శంకర్రావు ఆఫీసుకు సెలవు పెట్టి, ఒక కాపీని కొత్త అర్జీకి జతచేసి, నీళ్ళ ఆఫీసు కిటికీలో ఇచ్చాడు. అది నడుచుకుంటూ పాటణ్కర్ సాబ్ బల్ల మీదికి చేరింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడట. ఎవరి అర్జీ మీదైనా కొర్రీ వేయడానికి ఆయనకు అధికారం ఉంది. తన సంతకం మీద తానే కొర్రీ వేయడానికి నిబంధనల్లో వీలు లేదు. మంజూరు చేశాడు.

నల్లా వచ్చింది. కొత్త ఇత్తడి నల్లా. బుచ్చన్న దాని కింద సిమెంటు దిమ్మె కట్టి, నున్నగా మెత్తి, ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు. పెంటమ్మ పసుపు కుంకుమలు పెట్టి బంతిపూల దండ వేసింది. పక్క చాళ్‌లవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. రత్నాబాయి భర్తకు ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది. పెళ్ళయినప్పటినుంచీ చూడనట్టు ఒకసారి చూసి, "మంచిగున్నవ్" అంది. శంకర్రావుకు ఆ ఒక్క మాటతో ఏళ్ళ తరబడి తిరిగిన శనివారాలన్నీ వసూలైపోయాయి.

పాటణ్కర్ సాబ్ నల్లా తిప్పాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. పిల్లలు కేకలు వేశారు. వరుస రెండుగా చీలి రెండు నల్లాల ముందూ నిలబడింది. అందరూ నవ్వుతున్నారు. అరగంట గడిచింది. రెండు నల్లాలూ ఒకేసారి గాలి ఊది ఆగిపోయాయి.

శంకర్రావు సాబ్ వైపు చూశాడు.

"ముందు కోత పెట్టిన అరగంట ఉంది చూడండి, దాన్నే ఇందులోకి ఇచ్చాం," అన్నాడు పాటణ్కర్ సాబ్ ప్రసన్నంగా. "మీరు కొత్త నల్లా అడిగారు. కొత్త నీళ్ళు అడగలేదు."

శంకర్రావు జేబులోంచి తన కాపీ తీసి, మడత విప్పి, మొదటినుంచి చివరిదాకా చదివాడు. సాబ్ చెప్పింది అక్షరాలా నిజం. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అతనే.