వెయ్యిన్నీ ఇరవై నాలుగు చాలు

హద్దు లేని బతుకూ ఒక బతుకేనా? నవ్వకండి! పన్నెండేళ్లుగా చిసంగా ఆసుపత్రి కంప్యూటర్ గదిలో కూర్చుని తెలుసుకున్న సత్యమిది.

మా డేటాబేస్ సర్వర్‌నే చూడండి. ఒకేసారి వెయ్యిన్నీ ఇరవై నాలుగు ఫైళ్లు తెరుస్తుంది. ఇంకొక్కటి అడిగితే పొమ్మంటుంది! ఈ అంకె ఎవరు లెక్కగట్టారు? ఎవరూ కాదు, మిషన్‌తో పాటే వచ్చింది. అందుకే దాని మీద అందరికీ అంత గౌరవం.

నర్సులు గోల పెడితే పోయిన నెల లిమిట్ పెంచాను. నా పేరుతో లోపలికెళ్లి చూస్తే అరవై అయిదు వేలు! 'పని పూర్తయింది' అని రాసిచ్చి, మధ్యాహ్నం న్షిమా, అదే మా మొక్కజొన్న ముద్ద, తినడానికి వెళ్లాను. ఆ వేలన్నీ నా ఒక్కడికే దక్కాయనీ, డేటాబేస్ మాత్రం పాత అంకెతోనే కాపురం చేస్తోందనీ తరవాత తెలిసింది.

తెలిశాక అసలు చోట ఒక్క వాక్యం మార్చాను. ఇక సర్వర్‌ని ఆపి మళ్లీ లేపాలంతే. దానికి పెద్దసారు బా కబాసో సంతకం కావాలి. ఆయనేమో ఎక్కడో సరస్సు ఒడ్డున సియావొంగా ఊళ్లో వర్క్‌షాప్‌లో ఉన్నారు. విషయం: ఆసుపత్రుల్లో జాప్య నివారణ!

మంగళవారం జనం పోటెత్తారు, లిమిట్ నిండింది. బనా చోలా, అంటే చోలా వాళ్లమ్మ, నా కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆమె కూతురు చోలా ఆపరేషన్ బల్ల మీద ఉంది. రక్తం గ్రూపు తెర మీద కనబడందే డాక్టర్ కత్తి పట్టడు.

"నా పిల్ల రిపోర్టు అందులో ఉందా, లేదా?"

"ఉందమ్మా. తెరుచుకోవట్లేదు. ఇప్పటికే చాలా తెరిచి ఉన్నాయి."

"చుట్టమొస్తే కాస్త జరిగి చోటివ్వమా నాయనా? ఇదేం మిషను?"

బా కబాసోకి ఫోన్ చేశాను.

"కంగారెందుకయ్యా లుకోండే? శుక్రవారం వస్తున్నాగా! ఈలోగా ఏదీ ముట్టుకోకు. మిషన్ జాగ్రత్త!"

మిషన్‌కేం, దివ్యంగా ఉంది! వేడెక్కలేదు, అలసిపోలేదు. లిమిట్ చేసే మేలు అదే కదా?

"నువ్వు బాగు చెయ్యలేవా?" అంది బనా చోలా.

"చెయ్యగలను. నిమిషం పని."

ఆమె నన్నే చూస్తూ నిలబడింది. నాకు సిగ్గేసింది. సంతకం లేకుండానే సర్వర్‌ని ఆపి లేపాను. రిపోర్టు తెరుచుకుంది, చోలా బతికింది.

శుక్రవారం బా కబాసో వస్తూనే నన్ను పిలిపించారు.

"అడక్కుండా సర్వర్ ఆపుతావా? ఆ నిమిషంలో ఎవరి ప్రాణమైనా పోయుంటే జవాబెవరు చెబుతారయ్యా?"

నిజమే. నేను శుక్రవారం దాకా ఆగినందుకు చోలా పోయుంటే ఈ ప్రశ్న నన్నెవరూ అడిగేవారు కాదు.