వెలిగించని చుట్టల సంఘం

ఒక పెద్ద అడవిలో, వాగు కూడా దారి తప్పి రెండుసార్లు వెనక్కి తిరిగేటంత పెద్ద అడవిలో, జవ్వాజి అని ఒక కుర్ర పునుగుపిల్లి ఉండేవాడు.

వాడి వంశానికి ఒకటే కొలువు. గద్దగుట్ట మీద కూర్చుని గాలి వాసన చూడటం. ఏ మూల అగ్గి పుట్టినా అందరికంటే ముందు పునుగుపిల్లి ముక్కుకే తెలుస్తుంది. తెలియగానే గుట్ట మీంచి మూడు కేకలు పెట్టాలి. ఆ కేకలు వినగానే కుందేలు మొదలు ఏనుగు దాకా వాగులోకి దిగిపోవాలి. ముత్తాతల నాటి ఏర్పాటు అది.

వాడి అమ్మమ్మ పన్నెండు ఎండాకాలాలు ఆ గుట్ట మీదే గడిపింది. కిందటేడు ముసలితనంతో ముక్కు మొద్దుబారి, చూపు మసకబారి, కొలువు మనవడికి వదిలింది.

మనవడిదేమో కలల మనసు. సాయంత్రం మబ్బు ఎర్రబడితే తన కోసమే ఎర్రబడిందనుకునే రకం.

"మన పనికి ఒక అందం లేదే అమ్మమ్మా! అగ్గి రాకపోతే ఊరికే తిని కూర్చున్నాం అంటారు. వస్తే ఎందుకు వచ్చిందంటారు."

"అందుకే నాయనా, దీన్ని కాపలా అన్నారు. కచేరీ అనలేదు" అనేది అమ్మమ్మ.

అందమంతా కింద ఏనుగుబండ మీద ఉండేది. రోజూ పొద్దువాలే వేళ అక్కడ చుట్టల సంఘం కూడేది. అధ్యక్షుడు ఎలుగుబంటి దొరబాబు నోట్లో ఇంత పొడుగు చుట్ట పెట్టుకుని పడమటి వైపు తిరిగి నిలబడేవాడు. గుట్ట మీంచి చూస్తే, దిగిపోయే సూర్యుడు సరిగ్గా ఆ చుట్ట కొసన కూర్చునేవాడు. సూర్యుణ్ణే నిప్పుగా పెట్టుకుని చుట్ట కాలుస్తున్నట్టు ఉండేది. అది చూసిన ప్రతిసారీ జవ్వాజి గుండె ఒక మెట్టు జారేది.

దగ్గరికెళ్ళి చూసినవాళ్ళకి సంగతి తెలుసు. ఆ చుట్ట ఏనాడూ వెలిగింది లేదు.

దొరబాబు ఒకప్పుడు సర్కస్‌లో ఉండేవాడు. పారిపోయి వస్తూ వస్తూ యజమాని గుడారంలోంచి ఒక చెక్కపెట్టె ఎత్తుకొచ్చాడు. అందులో పన్నెండు చుట్టలు, ఒక్కోదానికీ బంగారు కాగితం పట్టీ. అడవిలో నిప్పు నిషిద్ధం. అయినా దొరబాబు దిగులు పడలేదు. పెట్టెలో తడినాచు పరిచి చుట్టలను మాగబెట్టాడు. వాటిచుట్టూ సంఘం పెట్టాడు. సూక్తి కూడా చెప్పాడు.

"వెలిగించడం మోటువాళ్ళ పని. చుట్టను కాల్చేవాడు ప్రేమించినట్టా, చంపినట్టా?"

ఆ మాటకి కార్యదర్శి నక్క గవరయ్య కళ్ళు తుడుచుకుని, టేకాకు మీద గోటితో రాసుకున్నాడు.

సంఘానికి ఒక మర్యాద ఉంది. హోదా ప్రకారం వరసగా కూర్చోవాలి. ఒక్క చుట్టనే అధ్యక్షుడి దగ్గర్నించి చివరివాడి దాకా నోరు మార్చి నోరు అందించుకోవాలి. అందుకున్నవాడు కళ్ళు మూసుకుని ఉత్త గాలి పీల్చి, ఉత్త గాలి వదిలి, ఆ పొగలో తనకేం తట్టిందో చెప్పాలి. వరస పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఎవరికి ఏ రుచి తట్టినా మిగతావాళ్ళు "ఆహా" అనాలి.

ఒకనాడు గవరయ్యే స్వయంగా గుట్టెక్కి వచ్చాడు.

"ఏమోయ్ జవ్వాజీ, నీ ముక్కు ఇక్కడ ఎండుటాకులకి ఖర్చైపోతోంది. అధ్యక్షులవారు ఎంతో బాధపడుతున్నారు. రేపోసారి బండ దగ్గరికి రా."

ఆ రోజు జవ్వాజి అన్నం ముట్టలేదు. దోరమాగిన అత్తిపండు పెడితే పక్కకి తోసేశాడు.

మర్నాడు పొద్దువాలకముందే తోక దువ్వుకుని బయల్దేరాడు.

"అమ్మమ్మా, ఈ ఒక్కపూట నువ్వు కూర్చోవే. గాలి కూడా లేదు."

"ముక్కు పోయినదాన్ని, నేను కూర్చుంటే ఏంటి, ఈ బండరాయి కూర్చుంటే ఏంటిరా?"

"ఊరికే కూర్చో. ఎవరో ఒకరున్నట్టు ఉంటుంది."

అమ్మమ్మ కూర్చుంది.

ఏనుగుబండ మీద దొరబాబు పెట్టె తెరిచి, ఒక చుట్టను రెండు పంజాలతో ఎత్తి, పసిబిడ్డను చూపించినట్టు చూపించాడు.

"లంక పొగాకు. ఏడు వానాకాలాలు మాగింది. వాసన చూసి నీకేం తోచిందో చెప్పు నాయనా."

జవ్వాజి ముక్కు ఆనించాడు. ముక్కు నిజమే చెప్పింది. పైన బూజు. లోపల పొగాకు లేదు, పురుగు తినేసింది, పురుగు వదిలిన పొడి ఉంది. ఆ మీద దొరబాబు చొంగ. దాని మీద నిన్నటి నక్క. నక్క మీద మొన్నటి నెమలి.

తలెత్తి చూశాడు. అందరూ తనవైపే చూస్తున్నారు. దొరబాబు కళ్ళలో సూర్యుడు దిగుతున్నాడు. అంత పెద్ద కళ్ళు తన మాట కోసం కాచుకోవడం జవ్వాజి జన్మలో అదే మొదలు.

"మొదట... తడిసిన మట్టి వాసనండీ" అన్నాడు.

"ఆహా!"

"నడుమ ఇప్పపువ్వు."

"ఆహా!"

"చివర్లో ఏదో జ్ఞాపకమండీ. ఎవరిదో తెలియదు."

నెమలి నీలాంబరం పురి విప్పేశాడు. "ఏళ్ళ తరబడి నాకు తడుతున్నది అదేనయ్యా! మాట దొరక్క కొట్టుకుంటున్నాను!"

అక్కడికక్కడే జవ్వాజిని ఆస్థాన ఘ్రాణరత్నం చేశారు. వార్షికోత్సవం నాడు ఒక చుట్ట మీది బంగారు పట్టీ తీసి వాడి తోకకి తొడుగుతామన్నారు.

ఆ ఒక్కపూట రెండయింది. రెండు ఇరవై అయ్యాయి. వేసవి ముదిరింది. పొద్దువాలే వేళ, గాలి లేచే వేళ, గుట్ట మీద అమ్మమ్మ. బండ మీద మనవడు.

"ఏం చేస్తార్రా అక్కడ?" అని అడిగిందోసారి.

"పొగను ఆస్వాదిస్తాం అమ్మమ్మా."

"నిప్పేది?"

"నీకు చెప్పినా అర్థం కాదులే."

"అవున్రా. మనకి నిప్పు లేకుండా పొగ తెలిసి ఏడవదుగా" అని అటు తిరిగి పడుకుంది.

వార్షికోత్సవం రానే వచ్చింది. బండకి మామిడాకులు కట్టారు. దొరబాబు చుట్ట నోట పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చుట్ట నక్క దగ్గరికి, నక్క నుంచి నెమలి దగ్గరికి వస్తోంది. బంగారు పట్టీ ఆకు మీద పెట్టి ఉంది. జవ్వాజి దాన్నే చూస్తున్నాడు.

అప్పుడు తాకింది వాడి ముక్కుని.

గద్దగుట్ట వెనక వాలు నుంచి. ఎండిన వెదురు వెదురుతో రాసుకుని రాజుకున్న వాసన.

"కాలుతోందండీ" అన్నాడు లేచి.

అంతలో మిగతావాళ్ళకీ సన్నగా తగిలింది. ఏడేళ్ళుగా ఉత్త గాలి పీల్చిన ముక్కులకి మొదటిసారి నిజం పొగ సోకింది. దొరబాబు కళ్ళమ్మట నీళ్ళు జలజలా రాలాయి.

"వచ్చింది! గవరయ్యా, వచ్చిందయ్యా! వెలిగించకుండానే పొగ! మన సాధన ఫలించింది!"

"కాదండీ, వెదురు! వెదురు కాలుతోంది!"

"రాసుకో గవరయ్యా. మొదట వెదురు ఛాయ" అన్నాడు నీలాంబరం.

"బోదగడ్డి కూడా అంటుకుందండీ!"

"ఆహా! నడుమ బోదగడ్డి." గవరయ్య గోరు టేకాకు మీద బరబరా నడిచింది. "చివర్లో?"

"చివర్లో మనమేనండీ!"

"ఆహాహా!" అంది సంఘం.

జవ్వాజి చుట్టూ చూశాడు. ఒక్కరూ కదల్లేదు. తను నేర్పిన మాటల తీరే. తను చెప్పిన అబద్ధాన్ని నమ్మినంత భక్తిగా ఈ నిజాన్నీ నమ్ముతున్నారు. లేచి పరుగెత్తడానికి మాత్రం ఒక్కరికీ తోచడం లేదు.

"మధ్యలో లేవకూడదు బాబూ, సంఘం మర్యాద!" అని నీలాంబరం అరుస్తున్నాడు. "పట్టీ! నీ పట్టీ!" అని గవరయ్య అరుస్తున్నాడు. జవ్వాజి అప్పటికే సగం గుట్ట ఎక్కేశాడు.

పైన అమ్మమ్మ పడమరకి మొహం పెట్టి కూర్చుని ఉంది, ఎవరో ఒకరున్నట్టు. ఆమె వెనక వాలంతా ఎర్రగా ఉడుకుతోంది.

"వచ్చావట్రా? మబ్బు పట్టినట్టుంది. వాన పడుతుందేమో చూడు. వీపు వెచ్చగా ఉంది గానీ."

జవ్వాజి ఆమె మెడ పట్టి ఎత్తుకుందామని వంగాడు, చిన్నప్పుడు ఆమె తనను ఎత్తుకున్నట్టే. వంగినవాడు ఆగిపోయాడు. ఉన్నది ఒక్క నోరు. అమ్మమ్మను పట్టుకుంటే కేక పెట్టలేడు. కేక పెడుతూ నిలబడితే మంట వచ్చేస్తుంది.

ముసలిదానికి అప్పటికి అర్థమైంది.

"ముందు కేకలు పెట్టరా. నన్ను తర్వాత పట్టుకుందువు."

"అమ్మమ్మా..."

"మూడూ పెట్టు. రెండు పెడితే నక్క అనుకుంటారు."

వాడు మూడూ పెట్టాడు. మూడో కేక సగంలో ఉండగా ఆమె తోక కొస అంటుకుంది. అమ్మమ్మను నోట కరుచుకుని, కళ్ళు మూసుకుని, రాళ్ళ మీంచి దొర్లుకుంటూ వాగులో పడ్డాడు.

అడవంతా అప్పటికే వాగులో దిగుతోంది. అందరికంటే చివర సంఘం వచ్చింది. నీలాంబరం పింఛం సగం లేదు. గవరయ్య తోక ఈతచెట్టు మట్టలా ఉంది. దొరబాబు పెట్టెను గుండెకి హత్తుకుని వస్తున్నాడు. ఆ పెట్టె అంటుకుని ఉంది.

ఒడ్డున దాన్ని పారేశాడు. పన్నెండు చుట్టలూ ఏడేళ్ళకి తొలిసారి వెలిగాయి. పురుగు, బూజు, చొంగ కలిసి కాలిన కంపుకి ఏనుగులు తొండాలు ముడుచుకున్నాయి. పీకల్లోతు నీళ్ళలో నిలబడి కూడా గవరయ్య, అలవాటు తప్పక, "ఘాటు కొంచెం ఎక్కువ" అన్నాడు.

"నీ ముక్కు బాగానే ఉందిరా" అంది అమ్మమ్మ, తోకను నీళ్ళలో చల్లబరుచుకుంటూ. "మధ్యలో నోరే కాస్త పాడైంది."

మంట చల్లారిన నాలుగో రోజు ఏనుగుబండ మీద సంఘం మళ్ళీ కూడింది. చుట్టూ కనుచూపు మేర బూడిద. దొరబాబు వంగి గుప్పెడు తీసుకుని వెలుగుకి పట్టి చూశాడు.

"ఎంత తెల్లగా ఉందో చూశారా! విడిపోకుండా ఎలా నిలిచిందో! సరుకు గొప్పదైతేనే బూడిద ఇలా నిలుస్తుంది."

"ఆహా" అంది సంఘం. కొత్త పెట్టె తెప్పించి బూడిద సేకరించడం మొదలుపెట్టారు. సభ్యత్వం కోసం దుప్పులు, జింకలు బారులు తీరాయి.

అదే రోజు రెండు తీర్మానాలు కూడా చేశారు. వెలిగించకుండా పొగ రప్పించిన ఘనత దొరబాబుది. అగ్గి పుట్టిన నేరం గుట్ట మీద లేని పునుగుపిల్లిది.

జవ్వాజి ఆ సంగతి విని గింజుకున్నాడు. "చూడవే అమ్మమ్మా, ఎంత అన్యాయమో!"

"రెండోది నిజమేగా" అంది అమ్మమ్మ.

వాడు తల వంచుకుని గుట్టెక్కాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. పొద్దువాలితే సూర్యుడు మళ్ళీ దొరబాబు మూతి ముందు కూర్చుంటాడు. అబద్ధం చెప్పడమెందుకు, ఇప్పటికీ అది చూస్తే జవ్వాజి గుండె ఒక మెట్టు జారుతుంది. అప్పుడు వాడు కళ్ళు మూసుకుని గాలి వాసన చూస్తాడు.

నీతి: నిప్పు లేనిదే పొగ రాదు, అయితే పొగ ఎప్పుడూ పెద్దలది, నిప్పు ఎప్పుడూ కాపలావాడిది.