పాత పిన్ని తీసేయాలట!

ఆ ఆదివారానికి అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా బజారుకెళ్ళి టీవీకి తగిలించే సెట్‌టాప్ పెట్టె కొనడం, ఒంటిగంటకల్లా బిగించేయడం, రెండింటికల్లా మంచమెక్కడం. మొదటి రెండు పనులూ మూడోదానికోసమే.

అతను బస్సు డిపోలో విచారణ కిటికీ వెనక కూర్చునే గుమాస్తా. కిటికీ మీది బోర్డులో చివరి అక్షరం చెరిగిపోయి ‘విచార’ అని మాత్రం మిగిలింది. పక్క కిటికీలో టికెట్లిచ్చే ఆయన అతన్ని ‘విచారంగారూ’ అనే పిలుస్తాడు. పద్నాలుగేళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు జనం అతన్ని అడుగుతూనే ఉన్నారు. బస్సు వచ్చిందా, వస్తుందా, వెళ్ళిపోయిందా, నేను రాకుండా ఎలా వెళ్ళిపోయింది? ఇంటికొచ్చాక ఎవరైనా వాక్యం చివర గొంతు పైకెత్తితే చాలు, అతనికి నీరసం వచ్చేస్తుంది.

ఇంట్లో పాత పెట్టె మూడు రోజుల కిందట కాస్త పొగ వదిలి కన్నుమూసింది. అప్పట్నుంచీ ఇంట్లో ఐదుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకోవలసి వస్తోంది. అతని భార్య ఆసుపత్రిలో నర్సు. మర్నాటి నుంచి ఆమెకు హెడ్ నర్సు పదవికి ఆరువారాల శిక్షణ. పొద్దున ఏడింటికి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. తొమ్మిదేళ్ళ పెద్దదాన్నీ, ఆరేళ్ళ చిన్నదాన్నీ చూసుకునేది పిన్నిగారు. అంటే అతని భార్యకు పిన్ని. చిన్నది పుట్టినప్పుడు మూడు నెలలుండి వెళ్తానని వచ్చింది, ఆ మూడు నెలలూ ఇంకా పూర్తికాలేదు.

ఆవిడ లేకపోతే ఆ ఇంట్లో పూట గడవదు. అంత మనిషికీ ముక్కుమీద కోపం. ఇదివరకు రెండుసార్లు అలిగి అన్నగారింటికి వెళ్ళిపోయింది. రెండోసారి కారణం ఏమిటంటే, కూర బాగుందని అతను చెప్పడం మరిచిపోయాడు. తీసుకురావడానికి నెల పట్టింది. ఇప్పుడు గనక అలిగిందంటే భార్య శిక్షణ గోవిందా. అందుకే వారం రోజులుగా అతను ప్రతి ముద్దకూ బాగుందంటున్నాడు.

డ్యూటీకి వెళ్తూ భార్య చెప్పింది. "ఏమండీ, పిల్లలున్న ఇల్లు. హత్యలూ ముద్దులూ వస్తే తాళం పడిపోయే పెట్టె తీసుకోండి. నాలుగు వేలు మాత్రం దాటకండి."

"అక్షరాలు పెద్దవిగా కనపడాలి అబ్బాయ్," అంది పిన్నిగారు వంటింట్లోంచి. "మూడింటికల్లా నా సీరియల్ రావాలి. ఆదివారం రెండు భాగాలు కలిపి వేస్తారు."

పిల్లలు బొమ్మల చానెళ్ళన్నీ ఏకరువు పెట్టారు. నీకేం కావాలని అతన్నెవరూ అడగలేదు. అడగనందుకు అతను సంతోషించాడు.

దుకాణదారు బల్ల మీద మూడు పెట్టెలు వరసగా పెట్టాడు. మొదటిది తొమ్మిది వేలు, మాట చెబితే చానెల్ మారుస్తుంది. రెండోది ఆరున్నర. మూడోది మూడు వేలే గాని తాళం లేదు, హత్యలన్నీ ధారాళంగా వస్తాయి. అతను మూడింటినీ మార్చి మార్చి చూశాడు. చూస్తూ నిలబడే ఓ కునుకు తీశాడు.

"మీ బాధ నాకర్థమైంది," అన్నాడు దుకాణదారు జాలిపడి, అద్దాల బీరువాలోంచి నాలుగో పెట్టె తీస్తూ. "ఆరున్నర వేల రకమే. షాపులో చూపించడానికి పెట్టింది, ఏడాదిగా ఇక్కడే ఉంది. గీత కూడా పడలేదు. నాలుగుకి ఇచ్చేస్తాను. ఫ్యామిలీ తాళం ఉంది, నాలుగంకెల పిన్ కొడితేగాని తెరుచుకోదు."

"పిన్ ఎంత?"

"మా దగ్గర పనిచేసినతను పెట్టాడండీ. మానేశాడు. బిగించడానికొచ్చే మెకానిక్ చూసుకుంటాడులెండి."

మెకానిక్ చూసుకుంటాడన్న మాట వినగానే అతని ప్రాణం లేచొచ్చింది. ఇంకెవరైనా చూసుకునే పనులంటే అతనికి చాలా ఇష్టం.

మెకానిక్ ఒంటిగంటకు రావలసినవాడు రెండింటికొచ్చాడు. పెట్టె తగిలించి మీట నొక్కితే తెర నల్లగా వెలిగి నాలుగు ఖాళీ గళ్ళు చూపించింది. ఏ చానెల్ పెట్టినా అవే గళ్ళు. వార్తలకూ తాళమే, బొమ్మలకూ తాళమే. "ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటాను సార్, ఈలోగా డిష్షు తిప్పుతాను," అని మెకానిక్ మేడెక్కాడు. అతను పెరట్లో, వంటింటి కిటికీ పక్కన తల పైకెత్తి నిలబడ్డాడు. కాసేపటికి మేడమీంచి కేక వినిపించింది.

"సార్! పాత పిన్‌ని తీసేయాలి!"

"తీసేయకుండా కుదరదా?" అని అరిచాడు అతను.

"కుదరదు సార్! అది ఉన్నంతకాలం మీ ఇంట్లో ఎవర్నీ ఏదీ చూడనివ్వదు!"

"తీసేస్తే తర్వాత గొడవేం రాదు కదా?"

"ఏం గొడవ సార్! అందరూ చేసేదే! పాత పిన్‌ని తీసేసి కొత్త పిన్‌ని పెట్టుకోండి! అసలైతే ఏడాదికోసారి మారుస్తుండాలి!"

"పిల్లలకి తెలిస్తే?"

"వాళ్ళకి తెలియకుండానే చెయ్యాలి సార్! మేడమ్‌గారి చెవిన మాత్రం ఓ మాట వెయ్యండి!"

"అయితే ఇంకా చూస్తావేం, తీసి పారెయ్! మూడింటిలోగా అయిపోవాలి!"

కిటికీకి అవతల పిన్నిగారి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆవిడకు తెలిసిన పిన్నులు రెండే. ఒకటి తలలో పెట్టుకునేది, రెండోది గుండీ ఊడినప్పుడు పెట్టుకునేది. ఆ రెంటిలో ఏదీ ఎవర్నీ ఏదీ చూడనివ్వకుండా అడ్డంపడదు. అలా అడ్డంపడే మనిషి ఆ ఇంట్లో తనొక్కతే. వ్యాకరణం తెలిసినవాళ్ళయితే తనను తీసేయడానికి ఇంకో ‘ని’ కావాలని గమనించేవాళ్ళు. కోపానికి వ్యాకరణం ఎక్కడ ఏడ్చింది? తీసేస్తే తీసేశాడు, ఆరేళ్ళు వండిపెట్టినందుకు కనీసం ‘పిన్నిగారిని’ అని గారు తగిలించలేదే అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆనక స్టవ్ ఆపి, ఫోన్ అందుకుంది.

అతను మంచినీళ్ళకోసం లోపలికొచ్చేసరికి ఆవిడ గ్లాసును పళ్ళెంలో పెట్టి అందించింది. "తీసుకోండి అల్లుడుగారూ."

‘అబ్బాయ్’ పోయి ‘అల్లుడుగారు’ వచ్చిందంటే ప్రమాదమే. సీరియల్ టైము దగ్గర పడుతోందని కోపం కాబోలు అనుకున్నాడు అతను. "కంగారు పడకండి పిన్నిగారూ. ఇదంతా మీకోసమే. మూడింటికల్లా తేల్చేస్తాం."

"అంత తొందరెందుకులెండి. నా దారి నేను చూసుకోగలను."

"అబ్బే, మీకెందుకండీ శ్రమ! మెకానిక్‌కి డబ్బులిచ్చేది అందుకేగా. అంతా అతనే చూసుకుంటాడు."

"మెకానిక్కా!" అని పిన్నిగారు గోడకు చేరగిలబడింది. తనను తీసేయడానికి మెకానిక్‌ని పెట్టారని ఆవిడ కలలోనైనా అనుకోలేదు.

చెవిన ఓ మాట వేయాలన్నారు కదా అని అతను భార్యకు ఫోన్ చేశాడు. అప్పటికే పిన్నిగారి ఫోన్ ఆమెకు వెళ్ళిందని అతనికి తెలియదు. అవతల వార్డులో ఎవరో మూలుగుతున్నారు, ఏదో బండి గడగడలాడుతూ పోతోంది.

"పిన్ని చెప్పింది నిజమేనా?" అంది ఆమె.

అతనికి వినపడింది ‘పిన్’ ఒక్కటే. "ఆ, నిజమే. పాతదాన్ని తీసేస్తున్నాం. కొత్తది నీకు నచ్చింది పెట్టుకుందాం, ఆలోచించి పెట్టుకో. మామూలుది వద్దు, పిల్లలు ఇట్టే పట్టేస్తారు."

"మీకేమైనా మతిపోయిందా? నేనొస్తున్నాను, ఉండండి!"

నాలుగంకెలు ఫోన్లో చెప్పకుండా రావడమెందుకో అతనికి అర్థంకాలేదు. కాని అడిగితే జవాబు వినాలి. వినే ఓపిక లేక పెట్టేశాడు.

ముందుగా వచ్చింది మామయ్యగారు, పిన్నిగారి అన్నగారు. కోర్టులో గుమాస్తాగా రిటైరైన ఆయన స్కూటరు గేటుకు అడ్డంగా నిలిపి, ఎవరూ రమ్మనకుండానే లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పిన్నిగారు సంచీ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. పిల్లలిద్దరూ దేనికైనా మంచిదని ఏడవడం మొదలుపెట్టారు. అదే సమయానికి ఆటో దిగి, యూనిఫారంలోనే, భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఆరేళ్ళ సర్వీసు," అన్నాడు మామయ్యగారు కళ్ళజోడు సవరించుకుంటూ. "తీసేసేముందు నోటీసైనా ఇచ్చావా?"

"ఆరేళ్ళెక్కడండీ, షాపులో ఏడాదేగా ఉంది," అన్నాడు అతను. టీవీ బిగింపు చూడ్డానికి మామయ్యగారు పనిగట్టుకుని రావడమేమిటా అని అతనికి అనుమానం రాకపోలేదు. "అయినా మామయ్యగారూ, దానికి నోటీసెందుకు?"

"దానికా! మా చెల్లెల్ని పట్టుకుని అదీ ఇదీ అంటావా?"

"రేపు పొద్దున పిల్లల్ని ఎవరు చూస్తారు?" అంది భార్య. "నా శిక్షణ సంగతేమిటి? మీరు సెలవు పెడతారా?"

"బడి నుంచి ఎవరు తీసుకొస్తారు?" అని పెద్దది అందుకుంది.

"అన్నం ఎవరు పెడతారు?" అని చిన్నది.

"నా ఇంట్లో ఉన్నవి రెండు గదులే," అన్నాడు మామయ్యగారు, కాస్త గొంతు తగ్గించి. "పడక ఎక్కడ వెయ్యను?"

ప్రశ్నలు నాలుగువైపుల నుంచీ వస్తుంటే అతను అలవాటు కొద్దీ "తర్వాతి వాళ్ళు రండి" అనబోయి ఆపుకున్నాడు. సరిగ్గా అప్పుడే మెకానిక్ మెట్లు దిగి, గోలగోలగా ఉన్న ఇంట్లోకి తల దూర్చాడు.

"సార్, ఆఫీసువాళ్ళు పాత పిన్ కొట్టేశారు. కొత్త పిన్‌కి నాలుగంకెలు చెప్పండి, నొక్కేసి వెళ్తాను."

తెరమీద నాలుగు గళ్ళు మిణుకుమిణుకుమంటున్నాయి. భార్య ఆ గళ్ళకేసి చూసి, పిన్నిగారికేసి చూసి, కొంగు లేకపోవడంతో చేత్తోనే నోరు మూసుకుంది. నవ్వు ఆగలేదు. మామయ్యగారు "పిన్... ని. పిన్‌ని..." అని రెండుసార్లు గొణుక్కుని, "అయితే కేసు కొట్టేసినట్టే," అని లేచాడు. అతనికి సంగతంతా అప్పుడు తెలిసి, తల పట్టుకున్నాడు.

పిన్నిగారు మాత్రం నవ్వలేదు. సంచీ పట్టుకుని అలాగే నిలబడింది.

"అంకెల గొడవని తెలిసిందిలే. నేనే పొరపాటు పడ్డాను. కాని ఇందాకట్నుంచీ ఇంతమంది మాట్లాడారు కదా. పిల్లల్నెవరు చూస్తారన్నారు, వంటెవరు చేస్తారన్నారు, పడకెక్కడ వేస్తామన్నారు. నేను వెళ్ళిపోతున్నానంటే ‘వెళ్ళకు’ అని ఒక్కరన్నారా?"

భార్య నవ్వు ఆగిపోయింది. మామయ్యగారు మళ్ళీ కూర్చున్నాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అతనికి సిగ్గేసింది. పద్నాలుగేళ్ళు జవాబులు చెప్పినవాడు కాబట్టి ఇదీ తన మీదే పడుతుందని తెలుసు. లేచి నిలబడ్డాడు.

"వెళ్ళకండి పిన్నిగారూ," అన్నాడు. "పిల్లలకోసం కాదు, వాళ్ళ సంగతి ఎలాగో ఏడుస్తాం. నాకోసం. పొద్దస్తమానం నన్నందరూ అడుగుతూనే ఉంటారు. డిపోలో అడుగుతారు, దారిలో అడుగుతారు, ఇంట్లో అడుగుతారు. నన్నేమీ అడగని మనిషి ఈ లోకంలో మీరొక్కరే. తిను అంటారు, తింటాను. పడుకో అంటారు, పడుకుంటాను. మీరు వెళ్ళిపోతే, తింటావా అని అడిగేవాళ్ళ మధ్య నేను బతకలేనండీ."

అతని కళ్ళు చెమర్చాయి. నిద్రలేమి వల్లనో, నిజంగానో, అతనికే తెలియలేదు. పిన్నిగారు ఆ ముఖంలోకి ఓ క్షణం చూసి సంచీ కింద పెట్టింది.

"కూర్చో అబ్బాయ్," అంది. అతను కూర్చున్నాడు.

"ఆ అంకెలు మాత్రం నేనే పెడతాను," అంది ఆవిడ మెకానిక్ చేతిలోంచి రిమోట్ లాక్కుంటూ. "మీరంతా అటు తిరగండి." అందరూ గోడకేసి తిరిగారు, మెకానిక్ కూడా. మీటలు నాలుగుసార్లు టిక్కుమన్నాయి. మూడయ్యేసరికి సీరియల్ వచ్చింది, అక్షరాలు కూడా పెద్దవిగానే వచ్చాయి. అది చూసి మామయ్యగారు కూడా వెళ్ళకుండా రెండు భాగాలూ చూశాడు. అతను గోడకు తల ఆనించి ఎప్పుడు నిద్రపోయాడో ఎవరూ గమనించలేదు.

మర్నాడు మధ్యాహ్నం మీట నొక్కితే మళ్ళీ గళ్ళు వచ్చాయి. పిన్నిగారు ఒకసారి నొక్కింది, రెండోసారి నొక్కింది, మూడోసారికి పెట్టె పూర్తిగా బిగుసుకుపోయింది. తాను పెట్టిన అంకెలు తనకే గుర్తులేవంటే ఆవిడ పరువేం కావాలి? "గుర్తులేకేం, శుభ్రంగా ఉన్నాయి. పిల్లల చదువు పాడవుతోందని నేనే మూసిపెట్టాను," అంది సాయంత్రం. ఆ మాట కాదనే సాహసం ఎవరూ చేయలేదు. సీరియల్లో ఏం జరిగిందో మామయ్యగారు రోజూ ఫోన్లో సాక్ష్యం చెబుతున్నాడు. పిల్లలు పెరట్లో ఆడుకుంటున్నారు. భార్య శిక్షణ ముగించుకుని హెడ్ నర్సయింది. అతను ఆదివారాలు రెండింటికల్లా మంచమెక్కుతున్నాడు.

మెకానిక్‌ని పిలిస్తే అది పది నిమిషాల పనే. కాని ఆ వచ్చినవాడు మేడెక్కి ఏమని కేకేస్తాడో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.