రెండు చందమామల నల్ల గ్రహం

ఆ ఆదివారం పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే. అటక మీది పాత పెట్టె దించి, పనికిరానివి పారేసి, మధ్యాహ్నానికల్లా ఓ కునుకు తీయడం. పెట్టె మూత తెరవగానే ఆ కార్యక్రమం కాస్తా అటకెక్కింది.

లోపల ఆయన ఆరేళ్ళప్పుడు వేసిన బొమ్మలున్నాయి. అప్పట్లో చూసిన ఒక అంతరిక్షం సినిమా పిచ్చిలో, కాగితం దొరికితే చాలు రాకెట్లు వేసేవాడు. కూతురు వాటన్నిటినీ నేలమీద పరిచింది. రాకెట్లు మారాయి, నక్షత్రాలు మారాయి. ప్రతి బొమ్మలోనూ అడుగున, సరిగ్గా నడిమధ్యన, ఒక నల్లటి గుండ్రం మాత్రం మారలేదు. దానికి అటొకటి ఇటొకటి చిన్న బుడిపెలు.

"ఇదేంటి నాన్నా?"

ఎంత బుర్ర గోక్కున్నా ఆయనకు గుర్తు రాలేదు. తెలియదంటే సరిపోయేది. కానీ నాన్నకు తెలియనిది లేదని నమ్మే పిల్ల ముందు ఆ మాటకు నోరు పెగల్లేదు.

"అదొక నల్ల గ్రహం. పక్కనున్నవి దాని చందమామలు," అన్నాడు.

పిల్ల విని ఊరుకుంటే బాగుండేది. బడిలో సైన్సు ప్రదర్శనకు చేద్దామనుకున్న అగ్నిపర్వతాన్ని పక్కనపెట్టి, తడి కాగితాల ముద్దతో నల్ల గ్రహాన్ని చేసింది. ఇలాంటిది ఏ పుస్తకంలోనూ లేదేమని టీచరు ఫోన్ చేస్తే, అది తను చిన్నప్పుడు చూసిన సినిమాలోదని, ఆ సినిమా తీసినవాళ్ళు శాస్త్రవేత్తలను అడిగే తీశారని డాక్టరు నమ్మబలికాడు. ఒక అబద్ధం వెనక పది రావడం మామూలే. టీచరు ముచ్చటపడి, ఆ బొమ్మలు తెచ్చి నాలుగు మాటలు చెప్పమంది. పంటి మీద గార తప్ప గ్రహాల సంగతి మీకెప్పట్నుంచి తెలుసని భార్య ఆరా తీసింది.

ఆయనకు భయం కన్నా ఆరాటం ఎక్కువైంది. క్లినిక్కులో రోగులను బయట కూర్చోబెట్టి, ఫోన్లో ఆ సినిమా మొత్తం చూశాడు. నల్ల గ్రహం లేదు. మళ్ళీ చూశాడు. లేదు. మరి ఆ ఆరేళ్ళ వెధవ దేన్ని చూసి వేసినట్టు? ఆ ధ్యాసలో బాగున్న పన్నుకు పట్టకారు వేయబోతే, కుర్చీలోని పెద్దమనిషి చెయ్యి పట్టుకుని ఆపాడు.

ప్రదర్శన రోజు బొమ్మలు గోడకు తగిలించి, గ్రహం గురించి డాక్టరు గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. మేనకోడలిని చూద్దామని వచ్చిన ఆయన అక్క, ఆ నల్ల గుండ్రం వంక కాసేపు తల పక్కకు వాల్చి చూసింది.

"గ్రహమేంట్రా? అది బాబాయి తల. సినిమాహాల్లో నీ ముందు సీట్లో కూర్చున్నాడుగా. ఆ డొప్పచెవుల పైనుంచి కనబడినంతే చూశావు నువ్వు."

అందరూ పగలబడి నవ్వారు. ఆరేళ్ళవాడు కనబడింది కనబడినట్టే వేశాడు. లేనిది కల్పించింది నలభై ఏళ్ళవాడు. డాక్టరుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కూతురి మొహంలోకి చూడలేకపోయాడు.

కూతురు మాత్రం గ్రహం మీది చీటీ పీకేసి, 'చిన్నతాతయ్య తల' అని కొత్తది అంటించింది. దగ్గరున్న చిన్న వస్తువు దూరంలోని పెద్దదాన్ని ఎలా కప్పేస్తుందో, గ్రహణం ఎలా పడుతుందో, తండ్రి బొమ్మలే చూపిస్తూ చెప్పింది. మొదటి బహుమతి ఆమెకే ఇచ్చారు.

"తెలియదని చెప్పాల్సింది తల్లీ," అన్నాడు డాక్టరు, ఇంటికొస్తూ.

"పోన్లే నాన్నా."

ఆయన మనసు తేలికపడింది. ఆ రాత్రి, పడుకునేముందు కూడా పళ్ళు తోముకోవాలని ఆయన చెబితే, ఆ పిల్ల అత్తకు ఫోన్ చేసి అది నిజమేనా అని కనుక్కుంది.